పలక పట్టిన పెద్దలు

బాప్తిస్మం అయింది, నిర్ధారణ అయింది, పెళ్ళి కూడా చర్చిలోనే అయింది. మరి చదువు? తెలుగు నేల మీద క్రైస్తవ విశ్వాసం నడిచొచ్చిన దారి చూస్తే, బోధించడానికి వచ్చినవాళ్ళే ముందు బడిపిల్లలయ్యారు.

డిసెంబరు 31 రాత్రి పన్నెండు దాటాక తెలుగు చర్చిల్లో ఒక సందడి ఉంటుంది. వాచ్‌నైట్ ఆరాధన ముగిసి, శుభాకాంక్షలు చెప్పుకుని, జనం వరస కడతారు. ముందు బల్ల మీద పళ్ళెంలో వాగ్దాన కార్డులు. కళ్ళు మూసుకుని ఒకటి తీసుకోవాలి. చేతికొచ్చిన వాక్యమే ఆ ఏడాదికి దేవుడు తనకిచ్చిన మాట. దాన్ని ఫ్రేము కట్టించేవాళ్ళున్నారు, ఫోను కవరు వెనక దాచుకునేవాళ్ళున్నారు, బీరువా తలుపుకి అంటించేవాళ్ళున్నారు. వచ్చింది నచ్చక, పక్కవాళ్ళు చూడకుండా రెండోది తీసేవాళ్ళూ ఉన్నారు. ఆ సంగతి పాస్టరు గారికీ తెలుసు, ఆయన చూడనట్టే ఉంటారు.

ఆ కార్డుల్లో బాగా తిరిగేది యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయంలోని 11వ వచనం. మీ గురించి నేను ఆలోచిస్తున్నది మేలే గాని కీడు కాదని దేవుడు చెప్పే మాట. ఉద్యోగం కోసం తిరుగుతున్న కుర్రాడికి, కూతురి సంబంధం కుదరక దిగులుపడుతున్న తల్లికి, వీసా ఇంటర్వ్యూకి బయల్దేరినవాడికి అది కొండంత ధైర్యం. ఆ ధైర్యాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కానీ అది ఒక ఉత్తరంలోని వాక్యం. యెరూషలేములో ఉన్న యిర్మీయా, నెబుకద్నెజరు చెరపట్టి బబులోనుకు తీసుకుపోయిన యూదులకు రాసి పంపిన ఉత్తరం.

దాని ముందు అధ్యాయం నుంచి చదువుకుంటూ వస్తే సంగతి బోధపడుతుంది. హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో అందరి ముందూ నిలబడి, రెండేళ్ళలో చెర తీరిపోతుందన్నాడు. దోచుకుపోయిన గుడి సామాన్లతో సహా అందరూ తిరిగొస్తారన్నాడు. యిర్మీయా మెడ మీదున్న కాడిని లాగి విరిచేశాడు కూడా. జనానికి కావలసింది ఆ మాటే. యిర్మీయా ఉత్తరం దానికి ఎదురు నడిచింది. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటి వాటి పళ్ళు తినండి, పెళ్ళిళ్ళు చేసుకోండి, పిల్లలకూ పెళ్ళిళ్ళు చేయండి, మీరు చెరలో ఉన్న ఆ పట్టణం బాగు కోసమే ప్రార్థించండి, ఎందుకంటే డెబ్బై ఏళ్ళు పడుతుంది అని చెప్పింది. మేలు ఆలోచనల మాట వచ్చేది ఆ డెబ్బై ఏళ్ళ లెక్క తర్వాతే. ఉత్తరం విన్న నడివయసువాళ్ళలో ఎవరూ ఆ తిరుగు ప్రయాణం చూడరు.

కార్డు మీద ఆ వచనం హనన్యా గొంతుతో వినిపిస్తుంది, ఉత్తరంలో యిర్మీయా గొంతుతో. అక్షరాలు మాత్రం అవే.

కార్డు తీయడం తప్పని కాదు. తీసినవాళ్ళలో జనవరి మొదటి వారంలో ఆ అధ్యాయం తెరిచినవాళ్ళు ఎందరన్నదే సంగతి. ముప్ఫై ఏళ్ళుగా చర్చికి వెళ్తున్న మనిషి, ఆఫీసులో ఏటా కొత్త సాఫ్ట్‌వేరు నేర్చుకుంటున్న మనిషి, విశ్వాసం దగ్గరికొచ్చేసరికి పన్నెండో ఏట సండే స్కూల్లో విన్నదానితోనే సరిపెట్టుకుంటాడు. నోవహు ఓడ, దావీదు వడిసెల, యోనాను మింగిన చేప. కష్టం వచ్చినప్పుడు యోబు గుర్తొస్తాడు. అదీ మొదటి రెండు అధ్యాయాల్లోని యోబు, చివరి అధ్యాయంలో అన్నీ రెండింతలు పొందిన యోబు. నడుమ ఉన్న దాదాపు నలభై అధ్యాయాల్లో ఆయన స్నేహితులతోనూ, చివరికి దేవుడితోనూ పడ్డ వాదన గుర్తురాదు. అక్కడిదాకా చదివితే కదా!

ఈ అలవాటు తెలుగు క్రైస్తవానికి పుట్టుకతో వచ్చింది మాత్రం కాదు.

నేర్పడానికొచ్చి నేర్చుకున్నవాళ్ళు

1805 ప్రాంతంలో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ దెగ్రాంజ్ విశాఖపట్నం చేరారు. వచ్చింది బోధించడానికి. తీరా వచ్చాక తెలిసింది, ముందు తామే ఓనమాలు దిద్దాలని. తెలుగులో బైబిలు అచ్చులో లేదు. సువార్తలను తెలుగులోకి తేవడానికి ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడు వాళ్ళకు తోడయ్యాడు. ఊరికి గురువులుగా వచ్చినవాళ్ళు ఆయన ముందు శిష్యులు. క్రాన్ 1809లో, దెగ్రాంజ్ 1810లో కన్నుమూశారు. ఆ పనిలోంచి వచ్చిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి, దెగ్రాంజ్ వాటిని చూడనేలేదు. అదే శ్రీరాంపూర్‌లో విలియం కేరీ 1814లో తెలుగు వ్యాకరణం ఒకటి ఇంగ్లీషులో అచ్చు వేశాడు. ఇంగ్లండులో చెప్పులు కుట్టి బతికిన మనిషి ఆయన. బెంగాలీలో తాను చేసిన కొత్త నిబంధననే మళ్ళీ మళ్ళీ దిద్దుకుంటూ, ముసలితనం దాకా వచ్చాడు.

గుంటూరు జిల్లా లూథరన్ కుటుంబాల్లో ఇప్పటికీ ఫాదర్ హయ్యర్ పేరు చెప్పుకుంటారు. పూర్తి పేరు జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్. 1793లో జర్మనీలో పుట్టి, కుర్రతనంలో అమెరికా వెళ్ళినవాడు. 1842 జులై 31న గుంటూరులో అడుగుపెట్టాడు. అప్పటికి ఆయనకు 49 ఏళ్ళు నిండాయి. ఆ రోజుల్లో ఆ వయసంటే కాటికి కాళ్ళు చాపుకున్నట్టే లెక్క. ఆ వయసులో తెలుగు వర్ణమాల పట్టాడు. ఒత్తులు, గుణింతాలు, తెలుగువాళ్ళం మనకే ఇప్పటికీ తేలని శకట రేఫ, అన్నీ కొత్తే.

కొన్నాళ్ళు పని చేసి అమెరికా తిరిగి వెళ్ళాడు. వెళ్ళి ఊరుకున్నాడా? గుంటూరు పల్లెల్లో జ్వరాలు చూసి వచ్చినవాడు గనక, బాల్టిమోర్‌లో వైద్యం చదవడానికి కూర్చున్నాడు. 1847లో ఎం.డి. పట్టా పుచ్చుకునేనాటికి వయసు 53 దాటింది. తోటి విద్యార్థులు ఆయన పిల్లల వయసువాళ్ళయి ఉంటారు. ఆ పట్టాతో మళ్ళీ తెలుగు దేశం వచ్చి పల్నాడు దాకా వెళ్ళి పని చేశాడు. అదీ చాలలేదు. 1869లో రాజమండ్రి మిషన్ చేతులు మారిపోయేలా ఉందని తెలిసి, 76వ ఏట మూడోసారి ఓడెక్కాడు.

హయ్యర్ కథను సాధారణంగా త్యాగం కథగా చెబుతారు. త్యాగం ఉంది, కాదనలేం. నాకు మాత్రం అంతకంటే ఎక్కువగా కనిపించేది, యాభై దాటాక తన కంటే చిన్నవాళ్ళ పక్కన బల్ల మీద కూర్చుని పరీక్ష రాయడానికి సిగ్గుపడని తనం. మన సంఘాల్లో పెద్ద అనిపించుకున్నవాడికి అన్నిటికన్నా కష్టమైనది ఆ కూర్చోవడమే.

లాంతరు వెలుగులో

డోర్నకల్ ఇప్పుడు తెలంగాణలో మహబూబాబాద్ జిల్లా. రైల్లో విజయవాడ నుంచి వరంగల్ వెళ్ళేవాళ్ళకు జంక్షన్‌గా తెలిసిన ఊరు. నిజాం ఏలుబడిలో ఉన్న ఆ ఊరికి 1909లో వేదనాయకం శామ్యూల్ అజరయ్య వచ్చాడు. తిరునెల్వేలి తమిళుడు. అప్పటికి 35 ఏళ్ళు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివినా డిగ్రీ పూర్తి కాలేదు. తెలుగు ఇక్కడికొచ్చాకే నేర్చుకున్నాడు. 1912 డిసెంబరులో కలకత్తాలో ఆయనకు బిషప్ అభిషేకం జరిగింది, ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ ఆయనే. డిగ్రీ లేని ఆ మనిషికి కేంబ్రిడ్జి 1920లో గౌరవ డాక్టరేటు ఇచ్చింది. అది వేరే ముచ్చట.

అజరయ్య ముందున్న పని చిన్నది కాదు. వేలల్లో బాప్తిస్మానికి వస్తున్నది మాల, మాదిగ పల్లెల జనం. ఊరి బడి గడప తొక్కనివ్వనివాళ్ళు. పగలంతా పొలంలో ఉంటారు. బోధకుడికి దొరికేది రాత్రే, లాంతరు వెలుగులో, గంజి తాగి వచ్చి నిద్ర ఆపుకుంటూ కూర్చున్న పెద్దవాళ్ళు. బాప్తిస్మం కావాలంటే ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం నోటికి రావాలి. యేసు కథలు చెప్పగలగాలి. ఒక వాక్యం బోధకుడు అంటే పదిమందీ తిరిగి అనడం, రేపు రాత్రికి అది మళ్ళీ అప్పజెప్పడం. నెలల తరబడి అదే వరస. నలభై ఏళ్ళ కూలి మనిషి తన పదేళ్ళ కొడుకు పక్కన కూర్చుని పాఠం అప్పజెప్పేవాడు. ఒక్కోసారి కొడుకే ముందు నేర్చేసి తండ్రికి అందించేవాడు.

దాన్ని బట్టీ అని తీసిపారేయడం తేలిక. నిజానికి ఇప్పటి మన పద్ధతిలో లేనిది ఒకటి అందులో ఉంది. బాప్తిస్మం పొందినవాడు ఊరుకోకూడదు, విన్నది ఇంకొకరికి చెప్పాలని అజరయ్య పట్టుబట్టేవాడు. ఇంకొకరికి చెప్పాలంటే ముందు మనకెంత అర్థమైందో బయటపడుతుంది. నోటికొచ్చింది అప్పజెప్పినవాడికి తెలియనిది, పక్కింటివాడు ‘అదెట్లా?’ అని అడిగినప్పుడు తెలుస్తుంది.

అక్షరం రానివాళ్ళకు అసలు పాఠ్యపుస్తకం పాట. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట నెత్తిన రాగం, తాళం పేర్లు అచ్చయి ఉంటాయి. శంకరాభరణం, ఆది తాళం అని. ఆ పుస్తకంలో పెద్ద వాటా పురుషోత్తమ చౌదరిది. 1803లో పర్లాకిమిడి వైపు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, ముప్ఫైవ ఏట క్రైస్తవుడై, 1890 దాకా బతికిన కవి. తాను అదివరకు నేర్చిన సంగీతాన్నీ ఛందస్సునూ వదిలేయకుండా కొత్త విశ్వాసానికి పనిలో పెట్టాడు. త్రిత్వం, అవతారం, పాపక్షమ అంటూ వేదాంత కళాశాలలో ఏళ్ళ తరబడి చెప్పే సంగతులు, నాట్లు వేసే ఆడవాళ్ళ నోట చరణాలుగా నిలిచాయి.

మా పెద్దమ్మ చదవడం నేర్చుకున్నది పెద్దబాలశిక్షలో కాదు, ఆ కీర్తనల పుస్తకంలో. అప్పటికే మనవలున్న మనిషి. పాటలన్నీ కంఠతా వచ్చు. చర్చి గోడ మీది బోర్డులో పాట నంబరు చూసి, ఎవరినైనా అడిగి ఆ పేజీ తీయించుకుని, పాడుతూ వేలితో అక్షరాల వెంట పోయేది. మొదట్లో వేలు వెనకబడిపోయేది, పాట ముందుకెళ్ళిపోయేది. కొన్నాళ్ళకు రెండూ కలిశాయి. ఒక ఆదివారం ఒక మాట దగ్గర వేలు ఆగిపోయింది. తాను ఇన్నేళ్ళుగా పాడుతున్నదొకటి, పుస్తకంలో ఉన్నదొకటి. ఇంటికొచ్చి, ‘‘ఒరేయ్, అచ్చోడు తప్పేశాడ్రా’’ అంది. ఒప్పుకోవడానికి ఆమెకు నెల పట్టింది.

తర్వాత బైబిలు మొదలుపెట్టింది. ఆదికాండం, నిర్గమకాండం గడగడా అయ్యాయి. చాలామంది బళ్ళు ఆగే చోటే ఆమెదీ ఆగింది, లేవీయకాండంలో. శనివారం ఉపవాస కూటంలో అమ్మగారిని, అంటే పాస్టరు గారి భార్యను, అందరి ముందూ అడిగేసింది. ‘‘ఏ పాపానికి ఏ మేక, ఏ దోషానికి ఏ పొట్టేలు, ఈ లెక్కలన్నీ నాకెందుకమ్మగారూ?’’ అమ్మగారు ఏదో ఒకటి చెప్పి దాటేయొచ్చు. ఆమె, ‘‘నాకూ తెలీదు పెద్దమ్మా, చదివొచ్చి చెప్తా’’ అంది.

మరుసటి శనివారం ఆమె అయిదో అధ్యాయం తెరిచింది. గొర్రెపిల్లను తెచ్చే స్తోమత లేనివాడు రెండు గువ్వలు తేవచ్చు. గువ్వలకూ శక్తి లేకపోతే కొలత ప్రకారం కాస్త గోధుమపిండి చాలు. ఏ బీదవాడూ బలిపీఠం దగ్గరికి రాలేక ఆగిపోకూడదని ఆ లెక్క. తర్వాత పన్నెండో అధ్యాయానికి వెళ్ళింది. బిడ్డను కన్న తల్లి గొర్రెపిల్లను తేవాలి, లేనిదైతే రెండు గువ్వలు. అక్కణ్ణుంచి లూకా సువార్త రెండో అధ్యాయం తీయించింది. పసివాడైన యేసును దేవాలయానికి తెచ్చినప్పుడు మరియ, యోసేపు అర్పణగా ఇచ్చింది ఆ గువ్వల జతే. అంటే వాళ్ళకు గొర్రెపిల్లను కొనే డబ్బు లేదు.

పెద్దమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. మిరప కోతల కూలి డబ్బుల్లోంచి చర్చి కానుకకు చిల్లర ముడేసుకునే మనిషి ఆమె. ఆ తర్వాత లేవీయకాండం పూర్తి చేసింది.

ఈ సంగతి రాస్తున్నది పెద్దమ్మ పట్టుదల కోసం కాదు. ‘తెలీదు, చదివొచ్చి చెప్తా’ అన్న అమ్మగారి కోసం.

అడిగేవాళ్ళు, అడగనివ్వనివాళ్ళు

అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయంలో అపొల్లో అనే అలెక్సంద్రియ పండితుడు కనిపిస్తాడు. మంచి వక్త, లేఖనాల్లో దిట్ట. ఎఫెసు సమాజమందిరంలో ధైర్యంగా మాట్లాడుతుంటే ప్రిస్కిల్ల, అకుల విన్నారు. డేరాలు కుట్టుకుని బతికే భార్యాభర్తలు. ఇతనికి తెలిసింది నిజమే గాని సగమే అని వాళ్ళకు అర్థమైంది. నలుగురిలో తప్పు పట్టలేదు. ఇంటికి పిలిచి మిగతా సగం వివరించారు. ఆ పండితుడు డేరాలు కుట్టేవాళ్ళ దగ్గర, అందులోనూ ఒక స్త్రీ దగ్గర, కూర్చుని నేర్చుకున్నాడు. పేర్లు చెప్పేటప్పుడు గ్రంథకర్త ప్రిస్కిల్లనే ముందు చెప్పాడు. మన ప్రసంగాల్లో అపొల్లో వాగ్ధాటి మీద గంట గడుస్తుంది, ఈ ఇంటి పాఠం మీద ఒక్క నిమిషం కూడా గడవదు.

పండిత రమాబాయి సంగతి చూడండి. 1858లో పుట్టింది. సంస్కృత పాండిత్యానికి కలకత్తా పండితులు ఆమెకు సరస్వతి బిరుదిచ్చారు. 1883లో ఇంగ్లండులోని వాంటేజ్‌లో బాప్తిస్మం పొందింది. అక్కడితో ఆమె ప్రశ్నలు ఆగుతాయని అక్కడివాళ్ళు అనుకుని ఉంటారు. ఆగలేదు. త్రిత్వ సిద్ధాంతం మొదలుకొని సంఘాధికారం దాకా ఉత్తరాల్లో వాదించింది. ఒక మతంలో పురోహితుల మాటకు తలవంచడం మానుకుని వచ్చింది, ఇంకో మతంలో పురోహితుల మాటకు ఊరికే తలవంచడానికి కాదు అన్నది ఆమె ధోరణి. కొందరు నొచ్చుకున్నారు, కొందరు అవిశ్వాసం అన్నారు.

ఆ అడిగే గుణమే ఆమెను చివరిదాకా చదివించింది. అప్పటికున్న మరాఠీ బైబిలు సామాన్యులైన ఆడవాళ్ళకు కొరుకుడు పడదనిపించింది. పుణె దగ్గర కేడ్‌గావ్‌లో తాను నడిపే ముక్తి సదన్‌లో ఉన్నది కరవు బాధితులు, వితంతువులు, దిక్కులేని పిల్లలు. వాళ్ళకు తెలిసే మరాఠీలో బైబిలు రావాలంటే మూలం చదవాలి. అందుకని నడివయసు దాటాక హీబ్రూ, గ్రీకు నేర్చుకుంది. ఏళ్ళ తరబడి అనువాదం చేస్తూ, ముక్తిలోని ఆడవాళ్ళకు అక్షరాలు కూర్చడం, అచ్చు వేయడం నేర్పించింది. 1921లో ఒక్కగానొక్క కూతురు మనోరమ పోయింది. పని ఆపలేదు. 1922 ఏప్రిల్ 5న రమాబాయి కన్నుమూసేనాటికి అనువాదం చేతికొచ్చింది, 1924లో బైబిలు బయటికొచ్చింది. పదహారేళ్ళకే అనాథయి దేశమంతా కాలినడకన తిరిగిన మనిషి, అరవై దాటిన వయసులో హీబ్రూ క్రియాపదాలతో కుస్తీ పట్టింది.

ఇక మన జాషువా. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టాడు. సంస్కృత కావ్యాలు చదవాలన్న ఆశకు కులం అడ్డొచ్చింది. అయినా వదలక, చెప్పే గురువును వెతుక్కుని కాళిదాసును చదివాడు. పురాణ కథలు రాస్తున్నాడని సొంత క్రైస్తవ పెద్దలే ఆయన్ను దూరం పెట్టారు. అటు అంటరానివాడని, ఇటు అన్యుల విద్య అని. రెండు గుమ్మాల దగ్గరా కాపలా ఉన్నది చదువు మీదే. ఆ చదువుకున్న పద్యశిల్పంతోనే, అరవై దాటాక, క్రీస్తు చరిత్ర రాశాడు. 1964లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అన్యుల విద్య అన్నది లేకపోతే ఆ కావ్యం ఏ భాషలో వచ్చేదో దూరం పెట్టిన పెద్దలే చెప్పాలి.

సండే స్కూలు ఎవరిది?

ఆదివారం బడి పిల్లలదన్న అభిప్రాయం ఇంగ్లండు నుంచి వచ్చింది. 1780లో గ్లాస్టర్‌లో రాబర్ట్ రైక్స్ దాన్ని మొదలుపెట్టింది వారమంతా పని చేసే పేదపిల్లలకు చదువు చెప్పడానికే. పక్కనే ఉన్న వేల్స్‌లో మాత్రం అది అందరి బడి అయింది. తాతలూ అమ్మమ్మలూ తమ తమ తరగతుల్లో కూర్చుని, వచనం వచనం చదివి, వాదించుకునేవాళ్ళు. బల్ల మీంచి ఎవరినీ వయసు లేపేయలేదు. మనకు అందింది ఇంగ్లండు పద్ధతి. పదిహేనో పదహారో వచ్చేసరికి నిర్ధారణ తరగతులు, బిషప్ గారి చేతుల మీదుగా నిర్ధారణ, తెల్ల బట్టల్లో గ్రూపు ఫొటో. ఫొటో గోడకెక్కిన రోజున చదువు అటకెక్కుతుంది.

ఆ ఖాళీలోకి వచ్చింది క్విజ్. బైబిల్లో అధ్యాయాలెన్ని? 1,189. అతి చిన్న కీర్తన ఏది? 117వది. మెతూషెల ఎన్నేళ్ళు బతికాడు? 969. పిల్లలకు ఇవి సరదా, జ్ఞాపకశక్తికి మంచివి. నలభై ఏళ్ళ పెద్దమనిషికి కూడా ఇదే బైబిలు జ్ఞానం అయి కూర్చోవడం చిక్కు. మెతూషెల వయసు తెలిసినవాడు, అన్యాయంగా ఉద్యోగం ఊడిన పొరుగువాడి దగ్గర నోరు తెరిచేసరికి యోబు స్నేహితుల మాటలే మాట్లాడతాడు. ఆ మాటల్ని దేవుడే కాదన్నాడని పుస్తకం చివర్లో ఉంది.

దారులు లేవా అంటే ఉన్నాయి. శ్రీరాంపూర్ విద్యాసంస్థ సెనేట్ సామాన్య విశ్వాసుల కోసం ఉద్యోగం చేసుకుంటూనే ఇంటి నుంచి చదివే క్రైస్తవ అధ్యయనాల డిగ్రీ నడుపుతోంది. 1964లో రాజమండ్రిలో పలు సంఘాలు కలిసి పెట్టుకుని, తర్వాత హైదరాబాద్‌కు మారిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల ఉంది. వాడుక తెలుగులో అనువాదాలొచ్చాయి, కళ్ళు కనిపించనివాళ్ళకు ఫోనులో ఆడియో బైబిలు ఉంది. పెద్దమ్మలాంటివాళ్ళకు ఇప్పుడు అచ్చువాడితో తగాదా కూడా లేదు. లేనిదల్లా అడిగే చోటు. మన ఆరాధనలో మాట ఒకవైపే నడుస్తుంది. ప్రసంగం అయిపోగానే ఆశీర్వాదం, ఆశీర్వాదం అవగానే చెప్పులు. ఆ రెంటికీ మధ్య పావుగంట ఆగి, అర్థం కానిది అడగనిచ్చే సంఘాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అడిగితే అవిశ్వాసి అనుకుంటారేమోనని విశ్వాసికి భయం, తెలియదంటే చులకనవుతానేమోనని పాస్టరుకి భయం.

ఆ రెండు భయాలూ తక్కువగా ఉన్నది ఆడవాళ్ళ కూటాల్లోనే. వాళ్ళ బైబిళ్ళు చూస్తే తెలుస్తుంది. జిప్పు కవరు అరిగి, అంచులు నల్లబడి, రంగు పెన్సిళ్ళ గీతలతో, మధ్యలో మందుల చీటీలతో ఉంటాయి. చదివేదీ అడిగేదీ ఎక్కువగా వాళ్ళు, చెప్పేది మగవాళ్ళు అన్న ఏర్పాటు చాలా సంఘాల్లో ఇంకా కదల్లేదు. 2013లో పుష్ప లలిత నంద్యాలలో దక్షిణ ఇండియా సంఘానికి తొలి మహిళా బిషప్ అయ్యారు. ఆ సంఘం పుట్టింది 1947లో. ప్రిస్కిల్ల దగ్గర అపొల్లో నేర్చుకున్న కథను అన్నేళ్ళూ ప్రతి చర్చిలోనూ చదువుతూనే ఉన్నారు.

లూథర్ చిన్న ప్రశ్నోత్తరి 1529లో వచ్చింది. నిర్ధారణకు లూథరన్ పిల్లలు ఇప్పటికీ చదివేది అదే. దానితోపాటు వచ్చిన పెద్ద ప్రశ్నోత్తరికి తర్వాత రాసిన ముందుమాటలో ఆయన పాస్టర్ల మీద మండిపడ్డాడు. ఒకసారి చదివేసి అంతా వచ్చేసిందనుకునేవాళ్ళని దులిపేశాడు. తాను వేదాంతంలో డాక్టరునే, బోధకుడినే, అయినా ప్రతి ఉదయం చిన్నపిల్లాడిలా పది ఆజ్ఞలూ ప్రభువు ప్రార్థనా మాట మాటా చెప్పుకుంటానని, ఇంకా పూర్తిగా పట్టుబడలేదని రాసుకున్నాడు. ఆ ముందుమాటను తెలుగులో కరపత్రంగా వేసి పాస్టర్ల సమావేశాల్లో పంచితే ఎలా ఉంటుందని ఒక్కోసారి అనిపిస్తుంది.

అయితే పల్లె పాస్టరుని ఒక్కణ్ణే అని లాభం లేదు. మూడు నాలుగు ఊళ్ళకు ఒకరే. పెళ్ళిళ్ళు, సమాధి కార్యక్రమాలు, ఆసుపత్రి పరామర్శలు, భూమి తగాదాల రాజీలు అన్నీ ఆయన నెత్తినే. శనివారం రాత్రి పదింటికి ప్రసంగానికి కూర్చుంటే ఆయన చేతిలో ఉండేది ఒక బైబిలు, వేదాంత కళాశాల నాటి నోటు పుస్తకాలు, ఈ మధ్య యూట్యూబు. వ్యాఖ్యాన గ్రంథం ఒకటి కొనాలంటే నెల ఇంటి ఖర్చులోంచి తీయాలి. తెలుగులో మంచివి తక్కువ, ఉన్నవి మళ్ళీ అచ్చు కావు.

రెండో తిమోతి పత్రిక చివర్లో పౌలు ఖైదులో ఉన్నాడు. తన పని ముగిసిందని ఆయనకు తెలుసు, ఆ మాటే రాశాడు. చలికాలం వస్తోంది. తిమోతిని వచ్చేటప్పుడు తెమ్మని అడిగినవి రెండు: త్రోయలో కర్పు ఇంట్లో వదిలేసి వచ్చిన అంగీ, పుస్తకాలు. పుస్తకాల్లోనూ ముఖ్యంగా చర్మపు కాగితాలు. అంగీ సంగతి మన సంఘాలు బాగానే చూస్తాయి. క్రిస్మస్‌కి పాస్టరు గారికి, అమ్మగారికి, పిల్లలకు కొత్త బట్టలు పెట్టని ఊరు ఉండదు. అందుకు చందా పుస్తకం నవంబరులోనే బయటికొస్తుంది. ఆ పుస్తకంలోనే కింద ఇంకో గీత గీసి, అయ్యగారికి ఈ ఏడాది ఏ పుస్తకం కావాలో ఆయన్నే అడిగి రాసుకోవచ్చు. కమిటీ తీర్మానం కూడా అక్కర్లేదు.